తురక పాట

మా ఊళ్ళో నేను తురకోణ్ణి. పక్క ఊళ్ళో ఉర్దూ మాట్లాడే సాయిబుల దగ్గరికి పోతే దూదేకులోణ్ణి. హైదరాబాదు వచ్చాక ఉర్దూ రాని ముసల్మాన్ని. యాభై ఏళ్ళు దాటాయి. ఈ మూడు పేర్లలో ఏ ఒక్కటీ నేను పెట్టుకున్నది కాదు.

ఎనిమిదో తరగతిలో మాష్టారు చరిత్ర పాఠం చెబుతున్నాడు. 'బాబరు మన దేశం మీదికి దండెత్తి వచ్చాడు' అన్నాడు. క్లాసు మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆయన ఏమీ అనలేదు. నన్ను చూడొద్దని కూడా అనలేదు. బయటికి రాగానే ఒకడు అడిగాడు, 'ఒరే, మీ తురకోళ్ళది ఏ దేశంరా?' అని. ఇంటికి పోయి మా నాయన్ని అడిగాను. నాయన సన్నాయి పీక నీళ్ళలో తడుపుతున్నాడు. తలెత్తకుండానే, 'మనది అద్దంకి తాలూకా అని చెప్పు' అన్నాడు.

తురక అంటే తుర్కు. ఆ దేశంవాడు, ఆ జాతివాడు. ఆ పేరు మనదాకా వచ్చేసరికి ముసల్మానందరికీ అంటుకుంది. ఉర్దూ భాష కూడా 'తురకం' అయిపోయింది. పత్తి ఏకి బతికిన మా తాతకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. తుర్కీ దేశం ఏ దిక్కున ఉందో తెలియదు. అయినా ఆయన తురకోడే. ఇంత దూరపు దేశం పేరుని ఇన్నేళ్ళు మోశాం గదా, ఆ దేశం మనుషులు ఎలా ఉంటారు, ఏం పాడతారు అని నాకెప్పుడూ అనిపించలేదు. మోసేవాడు మూట విప్పి చూసుకోడు.

విప్పింది మా అమ్మాయి. నేను మా నాన్నని 'నాయనా' అని పిలిచాను. ఆమె నన్ను 'అబ్బా' అని పిలుస్తుంది. ఒక్క తరంలో పిలుపు మారింది. ఎందుకు మారిందో అదొక పెద్ద కథ. కాలేజీలో చదువుతోంది. ఒక రాత్రి ఫోన్లో ఏదో పాట పెట్టుకుని వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. కింద గిటారూ డ్రమ్సూ ఇంగ్లీషు పాటలాగే ఉన్నాయి. పైన ఒక తీగ వాయిద్యం. వీణ కాదు, సితారు కాదు. ఆ తీగ కరెంటు పట్టుకున్నట్టు కేక పెడుతోంది. పాడే గొంతుది మాత్రం ఏదో పొలంగట్టు మీద పాడే బాణీ. మధ్యలో నాకు తెలిసిన మాటలు తగిలాయి. దున్యా. దోస్త్. యార్.

'ఇది ఉర్దూనా?' అన్నాను.

'కాదబ్బా, తురకం' అంది నవ్వుతూ. 'అసలు తురకం.'

ఆ బృందం పేరు ఆల్తిన్ గ్యున్. బంగారు రోజు అని అర్థం. 2016లో హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలయింది. మొదలుపెట్టినవాడు డచ్చి బాసు గిటారు వాయిద్యగాడు. ఇస్తాంబుల్ పోయినప్పుడు పాత రికార్డులు విని వాటి మీద మోజుపడ్డాడు. తుర్కీ మూలాలున్న గాయకుల్ని వెతికి కలుపుకున్నాడు. వాళ్ళు పాడేవి చాలావరకు కొత్తపాటలు కావు. అనటోలియా పల్లెల పాటలు. 2019లో వచ్చిన వాళ్ళ 'గెజే' అనే ఆల్బం గ్రామీ పోటీదాకా పోయింది. హాలెండుకీ తుర్కీకీ ఏం సంబంధం అంటారా? 1964లో ఆ రెండు దేశాల మధ్య కూలీల ఒప్పందం జరిగింది. మనవాళ్ళు గల్ఫు పోయినట్టు తుర్కీ పల్లెల నుంచి జనం అక్కడి ఫ్యాక్టరీలకి పోయారు. మూటల్లో పాటలు కూడా పోయాయి.

ఆ పాత రికార్డులు ఎవరివి అని వెతికితే తగిలిన పేరు చూసి నేను కుర్చీలోంచి లేచాను. మొఘొల్లార్. రాతలో ఆ 'ఘ' ఉంటుంది గాని వాళ్ళ నోట్లో కరిగిపోతుంది. అర్థం మంగోలులు. మన 'మొగలు' అన్నమాటకి తల్లివేరు అదే. 1967లో ఇస్తాంబుల్లో నలుగురైదుగురు కుర్రాళ్ళు జుట్లు పెంచుకుని తమ బృందానికి ఈ పేరు పెట్టుకున్నారు. ఇక్కడ నా క్లాసంతా నా వైపు చూడటానికి కారణమైన మాటని వాళ్ళు సరదాకి డ్రమ్ము మీద రాసుకున్నారు!

ఇంకో విచిత్రం చెప్పనా? బాబరు తన ఆత్మకథలో మంగోలుల్ని తిట్టిపోశాడు. ఆయన రాసింది తుర్కీ భాషలో, చగతాయి తుర్కీలో. తనని మొగలు అంటే ఆయనే ఒప్పుకునేవాడు కాడు. పేర్లు పెట్టేది ఎప్పుడూ అవతలివాళ్ళే.

ఆ 1960లలో తుర్కీ కుర్రాళ్ళకి ఒక చిక్కు ఉంది. అది అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1923లో రిపబ్లిక్కు వచ్చింది. 1924 మార్చిలో ఖిలాఫత్తు రద్దయింది. దానికోసం ఇక్కడ మన తాతలు జైళ్ళకి పోయారు. అక్కడివాళ్ళు తీసి పక్కన పెట్టేశారు. 1925లో చట్టం చేసి ఎర్ర టోపీని నిషేధించారు. మన హైదరాబాదులో రూమీ టోపీ అని పెద్దమనుషులు గొప్పగా పెట్టుకున్న టోపీ అదే. ఇక్కడ అది తుర్కీ గుర్తు, అక్కడ అది నేరం! చివరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నిజాం పెద్ద కోడలై హైదరాబాదు వచ్చింది. ఆమెతోపాటు వచ్చిన రెండో కోడలు నీలోఫర్ పేరున్న ఆసుపత్రిలోనే మా అమ్మాయి పుట్టింది. ఇంతే మాకూ తుర్కీకీ ఉన్న చుట్టరికం.

టోపీతో ఆగలేదు. 1934 నవంబరులో రేడియోలో తుర్కీ సంప్రదాయ సంగీతాన్ని ఆపేశారు. దాదాపు ఇరవై నెలలు. పాశ్చాత్య సంగీతం వింటేనే నాగరికులమవుతామని పైవాళ్ళ నమ్మకం. సొంత దేశంలో, సొంత ప్రభుత్వం చేతుల్లో, సొంత పాట మూగబోయింది. పల్లెల్లో మాత్రం ఆషిక్‌లు సాజ్ భుజాన వేసుకుని ఊరూరా పాడుతూనే ఉన్నారు. ఆషిక్ వెయ్‌సెల్ అని సివాస్ వైపు పల్లెటూరివాడు. చిన్నప్పుడే మశూచి వచ్చి కళ్ళు పోయాయి. 1973లో చనిపోయేదాకా పాడాడు. ఆయన చేతిలోది బాలమా. సాజ్ అన్నా అదే. పొట్ట బేరిపండులా, మెడ సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఏడు తీగలు మూడు వరసలుగా. మెట్లు లోహంవి కావు, మెడకి దారంలా చుట్టి కట్టినవి. జరపవచ్చు. అందుకని పియానో మీద రెండు మెట్ల సందున దాక్కునే స్వరాలు కూడా పలుకుతాయి.

1965లో హుర్రియెత్ పత్రిక ఒక పోటీ పెట్టింది. పేరు బంగారు మైకు. తుర్కీ పాటల్ని పాశ్చాత్య వాయిద్యాలతో కొట్టి వినిపించాలి. అప్పటిదాకా ఇంగ్లీషు, ఫ్రెంచి పాటలకి నకళ్ళు పాడుకుంటున్న పట్నం కుర్రాళ్ళు అప్పుడు తమ పల్లెల వైపు చూశారు. మొఘొల్లార్ వాళ్ళు ఇంకో అడుగు వేశారు. పాటని తెచ్చుకుంటే చాలదు, వాయిద్యాన్నీ తెచ్చుకోవాలన్నారు. జాహిత్ బెర్కాయ్ అనే గిటారు వాయిద్యగాడు బాలమా పట్టాడు, కమానుతో వాయించే తంబూర్ పట్టాడు. ఎలక్ట్రిక్ గిటారు, ఆర్గను పక్కన వాటిని కూచోబెట్టాడు. దీనికి 'అనదోలు పాప్' అని పేరుపెట్టారు. 1971లో ఫ్రాన్సులో వచ్చిన వాళ్ళ రికార్డుకి అక్కడి షార్ల్ క్రో అకాడమీ బహుమానం దక్కింది.

బాలమా తీగల కింద అయస్కాంతం బిగించి కరెంటుకి కలిపితే ఎలక్ట్రిక్ బాలమా. ఆ పని చేసినవాళ్ళలో మొదట ఎర్కిన్ కొరాయ్ పేరు చెబుతారు. 2023లో పోయాడు. అమెరికా, ఇంగ్లండు కుర్రాళ్ళు గిటారు శబ్దాన్ని చించి, ప్రతిధ్వనించి, సాగదీసి సైకెడెలిక్ అన్నారు గదా. ఆ యంత్రాలన్నీ ఈ పల్లెటూరి సాజ్‌కి తగిలించారు. వింటే కృత్రిమంగా ఉండదు. సాజ్‌లో ముందే ఆ జీర ఉంది. ఆ జీర నేనెక్కడో విన్నాను.

ఎక్కడో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. మా తాత పత్తి ఏకే విల్లు. మనిషి పొడుగుంటుంది. దానికి నరం తీగ. తీగని పత్తిలో పెట్టి కొయ్య గూటంతో కొడితే డుంయ్ఁ అని మోగేది. గదంతా ఆ మోతకి వణికేది. దూది మబ్బులా లేచేది. నిద్రపోయే పిల్లలం ఆ మోత ఆగితే లేచి కూచునేవాళ్ళం. నా జీవితంలో విన్న మొదటి తీగ వాయిద్యం అదే. ఇప్పుడా విల్లు లేదు. యంత్రాలు వచ్చాక పొయ్యిలోకి పోయింది.

ఇక్కడొక మాట. వెయ్యేళ్ళ కిందట బాగ్దాదులో ఒక సూఫీని చంపారు. 922లో. ఆయన పేరు మన్సూర్ అల్ హల్లాజ్. హల్లాజ్ అంటే పత్తి ఏకేవాడు. ఉత్తరాదిన మా కులంవాళ్ళు మన్సూరీ అని ఇంటిపేరు పెట్టుకునేది ఆయన్ని తలుచుకునే. తుర్కీలో అలెవీలని ఒక ముస్లిం శాఖ ఉంది. వాళ్ళ ప్రార్థన కూటమిని జెమ్ అంటారు. ఆడా మగా కలిసి కూచుంటారు. సాజ్ లేకుండా జెమ్ లేదు. సాజ్‌ని వాళ్ళు 'తీగల ఖురాన్' అంటారు. ఆ కూటమి నడుమ ఒక చోటుంది. తప్పు చేసినవాడు వచ్చి అక్కడ నిలబడి అందరికీ జవాబు చెప్పుకోవాలి. ఆ చోటుపేరు దార్-ఎ-మన్సూర్. మన్సూర్ ఉరికంబం. ఇది చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. ఇక్కడ 'దూదేకులోడు కూడా ముసల్మానేనా' అని నవ్వినవాళ్ళున్నారు. అక్కడ ఒక దూదేకులవాడి పేరు మీద నిలబడి నిజం చెప్పుకుంటున్నారు.

ఇదంతా చదివి తుర్కీ మీద ప్రేమలో పడ్డాననుకోకండి. నాకు మొదట అలాగే అయింది. అందరూ ముసల్మానులే ఉన్న చోట 'నువ్వెవరు' అని అడిగేవాడు ఉండడు గదా అనుకున్నాను. ఎంత అమాయకత్వం!

1992 డిసెంబరు ఆరున నాకు ఇరవయ్యొక్కటేళ్ళు. ఆ రాత్రి మా వీధి వీధంతా దీపాలార్పి కూచుంది. ఏడు నెలలకి, 1993 జులై రెండున, సివాస్ పట్నంలో పీర్ సుల్తాన్ అబ్దాల్ పేర ఉత్సవం జరుగుతోంది. పీర్ సుల్తాన్ పదహారో శతాబ్దపు అలెవీ కవి. పాటలకీ తిరుగుబాటుకీ ఆయన్ని ఉరితీశారు. ఉత్సవానికి వచ్చిన కవులూ గాయకులూ మదిమాక్ అనే హోటల్లో దిగారు. శుక్రవారం నమాజు తర్వాత గుంపు ఆ హోటల్ని చుట్టుముట్టింది. అజీజ్ నెసిన్ అనే రచయిత మీద కోపం అన్నారు. నిప్పు పెట్టారు. నెసిన్ బతికాడు. ఉత్సవానికొచ్చినవాళ్ళు ముప్పై ముగ్గురూ, హోటల్లో పనిచేసే ఇద్దరూ చనిపోయారు. అందులో హస్రెత్ గుల్తెకిన్ అనే సాజ్ వాయిద్యగాడికి ఇరవై రెండేళ్ళు. నా వయసువాడు. నేను దీపమార్పుకుని కూచున్నది నా మతం తక్కువ సంఖ్యలో ఉన్నందుకు. వాడు కాలిపోయింది వాడి మతం చేతుల్లోనే.

అప్పుడు నాకొకటి అర్థమయింది. మైనారిటీ అంటే ఒక మతం పేరు కాదు. గుంపు బయట నిలబడ్డ చోటు.

ఆ చోట చాలామంది ఉన్నారు. మొఘొల్లార్‌తో కలిసి 1970లలో పాడిన జెమ్ కరజా తల్లి ఆర్మీనియన్, తండ్రి అజర్‌బైజాన్ మూలంవాడు. కూలీల గురించి పాడాడు. 1980 సెప్టెంబరు సైనిక కుట్ర నాటికి జర్మనీలో ఉన్నాడు. 1983లో పౌరసత్వం తీసేశారు. 1987లో గాని తిరిగి రానివ్వలేదు. సెల్దా బాజాన్ భౌతికశాస్త్రం చదివిన అమ్మాయి. సాజ్ పట్టుకుని పేదల పాటలు పాడింది. 1981, 1984 మధ్య మూడుసార్లు జైల్లో పెట్టారు. 1983 చట్టంతో కుర్దు భాష నోరే నొక్కేశారు, 1991దాకా. ఆ చట్టం పోయాక కూడా, 1999లో అహ్మెత్ కాయా అనే గాయకుడు ఒక సన్మాన సభలో కుర్దు భాషలో పాట చేస్తానన్నాడు. సభలోని పెద్దమనుషులు ఫోర్కులు విసిరారు. దేశం విడిచి పోయి 2000లో పారిస్‌లో చనిపోయాడు. ఏ భాషలో పాడాలో మీరెవరు చెప్పటానికి? ఈ ప్రశ్న అక్కడా అడిగారు, ఇక్కడా అడుగుతున్నాం.

ఆల్తిన్ గ్యున్ వాళ్ళు నెషెత్ ఎర్తాష్ పాటలు పాడతారు. ఆయన అబ్దాల్ కులం. పెళ్ళిళ్ళలో వాయించి బతికే కులం. పెళ్ళికి వాళ్ళు కావాలి, పంక్తిలో అక్కర్లేదు. ప్రభుత్వం 'రాజ్య కళాకారుడు' అనే బిరుదు ఇస్తానంటే వద్దన్నాడు. ఈ కథ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో పుట్టిందే.

ఇంకొకటి కూడా తెలిసింది. ఉస్మానీ దర్బారులో పెద్దలు 'తుర్కు' అన్నమాటని పల్లెటూరి మొద్దు అనే అర్థంలో వాడేవాళ్ళట. అంటే తురక అన్నది తుర్కీలో కూడా తిట్టే! విని చాలాసేపు నవ్వాను.

మా నాయన సన్నాయి వాయించేవాడు. నాదస్వరం. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో మా దూదేకుల కుటుంబాల్లో అది తరాల విద్య. కరవదిలో పుట్టి శ్రీరంగం చేరిన షేక్ చిన మౌలానా గారి కచేరీ ఒకటి విన్నానని నాయన చచ్చేదాకా చెప్పుకున్నాడు. శ్రీరామనవమికి మా ఊరి గుళ్ళో కల్యాణం నాయన సన్నాయితోనే. మాంగల్యధారణ వేళ గెట్టిమేళానికి ఆయన బుగ్గలు ఉబ్బటం చూసి నేను గర్వపడేవాణ్ణి. డోలు మా ఇంటి పక్క నాయీబ్రాహ్మణ మావయ్య. నాయన ఇంటికొచ్చి స్నానంచేసి నమాజు చదివేవాడు. ఈ రెండిటి మధ్యా ఆయనకి ఏనాడూ ఏ తడబాటూ లేదు.

1993 నవమికి ముందు గుడి తరఫున ఒకాయన వచ్చాడు. 'సాయిబూ, ఈ ఏడు వేరేవాళ్ళని చెప్పుకున్నాం' అన్నాడు. అంతకుమించి ఒక్కమాట లేదు. నాయన 'సరే బాబూ' అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత మసీదుకి బయటూరి నుంచి కొందరు వచ్చి వాజా హరామన్నారు. నాయన 'సరే బాబూ' అన్నాడు. వాళ్ళు పోయాక సన్నాయిని గుడ్డలో చుట్టి అటకమీద పెట్టాడు. 2011లో పోయేదాకా దించలేదు. మీ దగ్గరా సరే, మా దగ్గరా సరే. ఆ రెండు 'సరే'ల మధ్య మనిషి ఊపిరి ఆగిపోయింది. అది ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఊళ్ళో ఇల్లు ఇప్పుడు మా తమ్ముడిది. నాలుగు పూటలా నమాజు తప్పినా ఐదోపూట కజా చదివే మనిషి. చెడ్డవాడు కాడు. మొన్న ఎండాకాలం ఫోన్ చేశాడు. 'అన్నా, అటక సర్దుతున్నా. నాయన సన్నాయి ఉంది. ఇంట్లో ఉంటే బర్కత్ ఉండదంటున్నారు. నువ్వు తీసుకుపోతావా, ఎవరికన్నా ఇచ్చేయనా?'

నేనూ అమ్మాయీ బస్సెక్కాం. తమ్ముడు గుడ్డతో సహా తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. పెట్టేముందు ఒక్కసారి ఆ గుడ్డని నిమిరాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అక్కణ్ణించి డోలు మావయ్య ఇంటికి వెళ్ళాం. ఎనభై దాటాయి. చూపు లేదు, చెవులు బాగున్నాయి. మా అమ్మాయి ఆయన చెవి దగ్గర ఫోన్ పెట్టి ఆల్తిన్ గ్యున్ పాట ఒకటి వినిపించింది. అనటోలియాలో తొమ్మిది దెబ్బల నడక పాటలు చాలా ఉంటాయి. అది అలాంటిది. మావయ్య కాసేపు కదల్లేదు. తర్వాత తొడమీద వేళ్ళు ఆడాయి. తక, తక, తక, తకిట. తక, తక, తక, తకిట.

'తొమ్మిది' అన్నాడు. 'సంకీర్ణం. బాగా తొక్కుతున్నారు. ఎవరమ్మా వీళ్ళు?'

'తురకోళ్ళు తాతా' అంది అమ్మాయి.

'మీవాళ్ళా?'

ఆమె నా వైపు చూసింది. 'ఔను' అందామా, 'కాదు' అందామా? ఎనిమిదో తరగతిలో అడిగిన ప్రశ్నే. అప్పుడు అడిగినవాడి గొంతులో ముల్లుంది. ఈయన గొంతులో లేదు. నేను చెప్పేలోగా మావయ్యే, 'ఎవరైతేనేంలే, మన తాళం పట్టుకున్నారు' అన్నాడు. అక్కడి పెళ్ళిళ్ళలో కూడా జుర్నా అని మన సన్నాయిలాంటిదే రెండు రెక్కల పీకతో ఊదుతారని, పక్కన దావుల్ అని డోలు కొడతారని చెప్పాను. 'మరి డోలు లేకుండా పెళ్ళెట్టా అవుద్ది?' అన్నాడు.

సన్నాయి గుడ్డ విప్పాం. పీకలు ఎండి చిట్లిపోయాయి. మావయ్య లోపల్నించి పాతపెట్టె తెప్పించి వెతికితే ఒకటి దొరికింది. నాయన ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిందట. నీళ్ళలో నానబెట్టి మా అమ్మాయికిచ్చాడు. ఆమె ఊదింది. బాతు అరిచినట్టు వచ్చింది. పక్కింటి పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె ముఖం ఎర్రబడింది.

'ఊదమ్మా' అన్నాడు మావయ్య. 'మీ తాతకీ మొదట అంతే వచ్చింది. నేను విన్నాను.'

తిరుగుబస్సులో తమ్ముడి ఫోను. 'అన్నా, జాగ్రత్తగా పెట్టుకున్నావా?' అన్నాడు. పెట్టుకున్నానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు, 'మావయ్య ఇంటికాడ ఎవరో ఊదినట్టు వినపడింది. ఎవరు?'

'నీ కూతురే' అన్నాను. అన్న కూతురు తమ్ముడికీ కూతురే గదా.

'గాలి ఇంకా గట్టిగా పట్టాలని చెప్పు' అన్నాడు. ఫోను పెట్టేశాడు.